బిడ్డ చదువు సొమ్మును, చేనిలోని పరిగెయు

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల గడప త్రొక్కని తండ్రి మన సంఘములలో అరుదు. ఆడబిడ్డ పుట్టినది మొదలు, శనగ బాగుగా పండిన యేట కమ్మలో, ఉంగరమో కొని దాచుట వాడుక. కరవు యేట ఆ కమ్మలే తాకట్టుకు పోవును. లేదా బోరు వేయుటకు పోవును. పులివెందుల చీనీతోటల వారికి ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. బిడ్డ ఇంటరు ముగించునాటికి కమ్మలును ఉండవు, కాలేజీ ఫీజునకు పైకమును ఉండదు.

2015 జనవరిలో ప్రభుత్వమువారు సుకన్య సమృద్ధి ఖాతాను ఏర్పరచిరి. పదియేండ్లు నిండని ఆడబిడ్డ పేరిట, సాధారణముగా ఇంటికి ఇద్దరికి, పోస్టాఫీసులో తెరువవచ్చును. ఏడాదికి కనీసము 250 రూపాయలు, మించినయెడల లక్షన్నర; కట్టవలసినది 15 ఏండ్లు. బిడ్డ పదవ తరగతి ముగించినను, 18 ఏండ్లు నిండినను, పై చదువునకు సగము వరకు తీయవచ్చును. వడ్డీని 2024 జనవరిలో నూటికి 8.2గా చేసిరి, అది మారుచుండును. మగబిడ్డలకు ఇది లేదు గాని, 1968 నాటి పి.పి.ఎఫ్. ఉన్నది.

తండ్రి బోరుకొరకు ఈ సొమ్మును ముట్టలేడు. కొందరికిది లోపముగా తోచును. మాకు గుణముగా కనబడుచున్నది. అయితే ఈ యేటి గింజల పైకమును అందులో వేయకుడి, అప్పుతెచ్చి కట్టకుడి. కరవు యేట ఆ 250 చాలును.

రేపటిని గూర్చిన చింత వద్దని ప్రభువు చెప్పెను గదా, దాచుట అవిశ్వాసము కాదా అని జమ్మలమడుగు వైపు ఒక పెద్ద మమ్మునడిగెను. పెండ్లికి దాచునప్పుడు ఈ ప్రశ్న ఎవరును అడుగరు! ఐగుప్తులో పంటలో అయిదవ వంతు దాచిన యోసేపు చింతాక్రాంతుడు కాడు.

మమ్మును కలతపెట్టు ప్రశ్న వేరొకటి. ఈ ఖాతాలో వేసిన సొమ్మునకు, పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టువారికి మినహాయింపు కలదు. నూటికి 20 పన్ను కట్టు ఉపాధ్యాయుడు లక్షన్నర వేసినయెడల ముప్పదివేలు మిగులును. కూలిచేయు తల్లికి పన్నే లేదు, గనుక మినహాయింపును లేదు. వడ్డీ ఇద్దరికిని సమానమే, దానిమీద ఇద్దరికిని పన్ను లేదు. కాని ఆ ముప్పదివేలు ఒకరికే. ఉన్నవాని బిడ్డ చదువునకు దేశము తన బొక్కసమునుండి కొంత విడిచిపెట్టినదన్నమాట. అందులో తప్పు లేదు. అయితే బోయజు పొలములో పనలు అతనివైనను, పరిగె రూతుది గదా?

ఆ ముప్పదివేలలో 120వ వంతు తీసినయెడల, ఒక కూలిబిడ్డ ఖాతా ఒక యేడు నిలుచును. ఆ పైకమును తల్లి చేతికే ఇయ్యుడి, ఆమెయే పోస్టాఫీసులో కట్టుకొనును. చందా పట్టీలో పేరు చదివింప నక్కరలేదు.