బాబాయి పారేసిన ముక్కలు

గాంధీజీ చిన్నప్పుడు పొగ తాగారంటే కొందరు నమ్మరు. ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. బాబాయి కాల్చి పారేసిన ముక్కలు ఏరుకుని, బంధువుల కుర్రాడొకడితో కలిసి చాటుగా కాల్చేవారు. అవి చాలక నౌకరు జేబులో చిల్లర దొంగిలించారు. అప్పటికి పన్నెండు పదమూడేళ్లు. ఇంతా చేస్తే ఆ వాసన ఇద్దరికీ నచ్చలేదట! పొగ వదలడంలోనే ఏదో మజా కనిపించింది.

మానేసిన పెద్దవాళ్లను కదిపి చూడండి, చాలామందిది ఇదే కథ. మొదటి దమ్ముకే దగ్గు, కళ్లు తిరగడం. అయినా స్నేహితుల ముందు తగ్గకూడదు కదా! తగలేసిన డబ్బు సంగతి పోనీ, పసిబిడ్డ పడుకున్న గదిలోనే కాల్చామే అన్నది వాళ్లను ఎక్కువ గుచ్చుతుంది. ఆ బాధకు మందు లేదు.

ఒంటి సంగతి నయం. మానిన 20 నిమిషాలకే గుండె వేగం తగ్గుతుంది. ఏడాది గడిస్తే గుండెజబ్బు ముప్పు, కాలుస్తూనే ఉన్నవారితో పోలిస్తే, సుమారు సగమవుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ మొండిది, దాని ముప్పు సగానికి దిగడానికి పదేళ్లు కావాలి.

బహిరంగ స్థలాల్లో పొగతాగడంపై నిషేధ నిబంధనలు 2008లో గాంధీ జయంతి నాడే అమల్లోకి వచ్చాయి. ‘పొగ తాగరాదు’ అన్న బోర్డు కిందే నిలబడి దమ్ము లాగేవాళ్లూ ఉన్నారనుకోండి. మానాలనుకునేవారికి ఉచిత ఫోన్ నంబరు 1800 112 356. రాసుకోవడానికి పెన్ను దొరక్కపోతే, సిగరెట్ పెట్టె మీదే ఉంటుంది చూడండి.