ఓరచూపు

"సూటిగా చూడకండి. కాస్త పక్కకి చూడండి, అప్పుడు కనిపిస్తుంది" అన్నారు మాస్టారు.

మార్కాపురం దాటాక నల్లమల అంచున ఒక బండ మీద ఉన్నాం. ధనుర్మాసం, చంద్రుడు లేని రాత్రి, తొమ్మిది దాటింది. ఆయన ఎనిమిదంగుళాల టెలిస్కోపు దక్షిణానికి తిరిగి ఉంది. చెయ్యి చాపి, నేల అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ పోతే నాలుగో పిడికిలి దగ్గర ఉంటుంది ఎన్‌జీసీ 1365 అనే గెలాక్సీ. అక్కడ చెప్పుకోదగ్గ పెద్ద చుక్క ఒక్కటీ లేదు. 1750ల్లో కేప్ ఆఫ్ గుడ్ హోప్ నుంచి దక్షిణాకాశాన్ని కొలిచిన ఫ్రెంచివాడు లకాయ్, ఆ ఖాళీ మూలకి రసాయనశాలలోని కొలిమి పేరు పెట్టాడు.

నేను సూటిగానే చూశాను. ఏమీ లేదు. చూపు కొంచెం పక్కకి జరపగానే, అద్దం మీద ఊదిన ఆవిరిలా ఒక మసక. మళ్లీ దాని మీదే చూపు నిలిపితే మాయం. కంటిపాప నడిమధ్యకి ఎదురుగా ఉన్న కణాలు పగటి వెలుగుకి పనికొస్తాయి. మసక వెలుతురు పట్టేవి చుట్టుపక్కల ఉంటాయి. అందుకే ఓరచూపు. మనవాళ్లు ఆ మాటని సరసానికే వాడి సరిపెట్టారు గానీ, దానికి ఇంత పని ఉందని నాకు తెలియదు.

ఆ మసకని మొదట రాసిపెట్టుకున్నవాడు జేమ్స్ డన్‌లప్. స్కాట్లండ్‌లో ఒక నేతగాడి కొడుకు, కుర్రతనంలో దారం ఫ్యాక్టరీలో పనిచేశాడు. 1826లో ఆస్ట్రేలియాలోని పరమట్టాలో, తను స్వయంగా చేసుకున్న తొమ్మిదంగుళాల టెలిస్కోపుతో రాత్రుళ్లు కూర్చుని 629 మసకల జాబితా తయారుచేశాడు. 1828లో దానికి పతకం కూడా వచ్చింది. తర్వాత ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ ఆ కేప్ నుంచే వెతికితే, వాటిలో సగానికి పైగా ఆకాశంలో దొరకలేదు. పాపం డన్‌లప్ అబద్ధాలకోరు కాదు. కన్ను అలిసిపోయాక లేనివి ఎలా కనిపిస్తాయో ఆ బండ మీద నాకు అర్థమైంది. నాకు నచ్చేదేమంటే, అన్ని లేనివాటి మధ్య ఇది ఉంది. దాన్ని రాసినప్పుడు అది గెలాక్సీ అని ఆయనకి తెలియదు. అసలు అలాంటిదొకటి ఉంటుందని అప్పటికి ఎవరి దగ్గరా రుజువు లేదు.

ఇప్పుడైతే తెలుసు. దాదాపు 5 కోట్ల 60 లక్షల కాంతి సంవత్సరాల దూరం. ఈ అంకె వినగానే గుండె జల్లుమనాలని అంటారు. నాకు అలా అనిపించలేదు; ఆ వెలుగు బయల్దేరేనాటికి హిమాలయాలు లేవు గానీ, నేను కూర్చున్న నల్లమల రాయి అప్పటికే వంద కోట్ల ఏళ్లు దాటినది.

నన్ను కదిలించింది దాని దూలం. గెలాక్సీ నడుమ నక్షత్రాలన్నీ ఒక దూలంలా బారుగా ఉంటాయి. ఆ దూలం రెండు కొసల నుంచి రెండు చేతులు వంపు తిరుగుతాయి. దూలం వెంబడి వాయువు వేగం కోల్పోయి లోపలికి జారుతుంది. అలా జారినదే నడిబొడ్డున కొత్త చుక్కలవుతుంది, కొంత అక్కడి కృష్ణబిలానికి మేత. కొలిమి అన్న పేరు లకాయ్ తెలియక పెట్టినా తగినట్టే పడింది.

మన పాలపుంతకీ అలాంటి దూలం ఉంది. మనం లోపల ఉన్నాం కాబట్టి కనపడలేదు, పైగా మధ్యలో ధూళి అడ్డం. 1960ల్లో ఖగోళ శాస్త్రవేత్త జెరార్డ్ ద వోకులూర్, దూరపు గెలాక్సీల పోలికలు మన దాంట్లో కనపడి, ఇక్కడా దూలం ఉండాలన్నాడు. చాలాకాలానికి, 2005లో, స్పిట్జర్ టెలిస్కోపు పరారుణ కాంతిలో దాన్ని కొలిచింది: 27,000 కాంతి సంవత్సరాల పొడవు. సొంతింటి దూలం కోసం పొరుగిళ్ల కప్పులు లెక్కపెట్టాం. అదీ ఓరచూపే.

మంచు పట్టి అద్దం మసకబారింది. మాస్టారు కండువాతో తుడవబోయి, అద్దం గీసుకుపోతుందేమోనని ఆగిపోయారు.

"దూలం కనిపించిందా?"

"కనిపించినట్టే ఉంది మాస్టారూ. ఫొటోల్లో చూశాను కదా, అందుకేనేమో."

ఆయన నవ్వలేదు. టార్చికి ఎర్ర కాగితం చుట్టి, నోటుబుక్కు తీసి, తేదీ, వేళ వేసి రాశారు: మసక ఉంది. దూలం, అనుమానం.