రోమకుల ఆధిక్యము: దైవమా, పురుషకారమా?

క్రీ.పూ. 168వ సంవత్సరమున పిడ్నా యుద్ధములో మాసిడోనియా రాజ్యము రోమకులకు లోబడెను. మఱుసటి యేడు గ్రీసు దేశమందలి అకేయ సంఘమునకు చెందిన వేయిమంది ప్రముఖులను, రోముపట్ల విశ్వాసము చాలనివారను అనుమానముపై, ఇటలీకి కొనిపోయిరి. వారిపై విచారణ యొక్కనాడును జరుగలేదు. పదునేడేండ్లకు స్వదేశము చేర సెలవు దొరకునప్పటికి వారిలో మున్నూఱుమందియైనను మిగులలేదు. ఆ బందీలలో నొకడు పొలిబియసు. రోమకుల యభ్యుదయమునకు కారణములను వెదకిన గ్రంథములలో మనకు దక్కినవానిలో మొదటిది, నా మతమున ఉత్తమమైనది, ఈతని చరిత్రయే.

ఓడినవాడు గెలిచినవాని బలమునకు కారణము చెప్పబూనినపుడు అతనికి రెండు సులభమార్గములు కానవచ్చును. అంతయు వారి యదృష్టమని పెదవి విఱుచుట యొకటి. గెలిచిరి గనుక వారే యోగ్యులని చేతులు జోడించుట రెండవది. మన పెద్దల పరిభాషలో చెప్పవలెనన్న మొదటిది దైవమును, రెండవది పురుషకారమును ఆశ్రయించినవి. చూపునకు ఇవి పరస్పర విరుద్ధములు. కాని రెండును విచారణను మధ్యలోనే ఆపివేయుటలో అన్నదమ్ములు.

పొలిబియసు ప్రశ్న సూటియైనది. ఏబదిమూడేండ్లు నిండకమునుపే, అనగా క్రీ.పూ. 220 మొదలు 167 వఱకు గల కాలములో, ఆనాడెఱిగిన ప్రపంచమంతయు ఇంచుమించుగ నొక్క నగరమునకెట్లు లోబడెను? నలువది సంపుటముల గ్రంథములో నేడు సంపూర్ణముగ నున్నవి మొదటి యైదే. ఆఱవదానిలో మిగిలిన భాగములందు అతని సమాధానము గలదు. కాన్సలులు రాజులవలె సేనలను నడపుదురు; సెనేటు ధనమును, పరరాజ్య వ్యవహారములను చూచును; శాసనములును యుద్ధ సంధి నిర్ణయములును ప్రజల చేతిలోనివి. ఒకరినొకరు అడ్డగింపగల ఈ మూడు శక్తులు ఆపదవేళ ఏకమగునని ఆతని సిద్ధాంతము. రాజనీతి వ్రాసినవారందఱు ఈ భాగమునే యెత్తిచూపుదురు గాని, నాకు అంతకంటె విలువైనవిగ తోచునవి ఆతడు చూచి వ్రాసిన చిన్న సంగతులు. కావలివేళ నిద్రించిన సైనికుని తోడి సైనికులే కఱ్ఱలతో, ఱాళ్లతో కొట్టి చంపుదురట. గొప్పవాడు మరణించినపుడు వంశపూర్వుల ముఖప్రతిమలను ధరించిన మనుష్యులు ఊరేగింపుగ నడచి సభాస్థలమున కూర్చుందురట. ఆ దృశ్యమును చూచిన బాలుని హృదయములో ఏమి మొలకెత్తునో ఊహింపుడని ఆతని భావము. గ్రీకు ఉద్యోగి చేతికి కొంత ప్రజాధనమిచ్చినచో పదిమంది లేఖకులు, పది ముద్రలు, ఇరువదిమంది సాక్షులున్నను మాట నిలువదనియు, రోమకునికి ప్రమాణమొక్కటియే చాలుననియు వ్రాసెను. ఇందు రోమకస్తుతికంటె స్వజాతి నింద యెక్కువ. ఓడిపోయిన జాతికి తన లోపముల పట్టికను ఇంత నిర్దయగ చదివి వినిపించినవారు అరుదు.

అయినను ఇవి చాలవు. క్రీ.పూ. 216లో కానీ యొద్ద హన్నిబాలుతో జరిగిన యుద్ధమున డెబ్బదివేలమంది మడిసిరని పొలిబియసు లెక్క. లివీ చెప్పినది నలువదియెనిమిదివేలకు చేరువ. ఏది నిజమైనను అట్టి దెబ్బ తిన్న రాజ్యము సంధికి దూతలను పంపుట సహజము. రోము పంపలేదు. దీనికి ధైర్యమొక్కటియే కారణమనువారు ఒక లెక్కను మఱచుచున్నారు. కానీకి తొమ్మిదేండ్ల ముందు రోమకులలోను, వారి మిత్రులలోను ఆయుధము పట్టగలవారు ఏడు లక్షల పదాతులు, డెబ్బదివేల ఆశ్వికులకు మించియుండిరని పొలిబియసే వ్రాసెను. ఇంతమంది ఎక్కడివారు?

దీనికి సమాధానము ఒక శత్రువు లేఖలో దొరకుచున్నది. మాసిడోనియా రాజగు అయిదవ ఫిలిప్పు కానీ యుద్ధకాల ప్రాంతమున థెస్సలీలోని లారిస్సా పట్టణమునకు వ్రాసిన లేఖ శిలాశాసనముగ బయల్పడినది. మీ పట్టణమున క్రొత్త పౌరులను చేర్చుకొనుడు, రోమకులను చూడుడు, వారు దాసులను విడిపించి పౌరులుగ చేసికొందురు, ఇంచుమించు డెబ్బది చోట్ల వలస పట్టణములు నిలిపిరి అని దాని సారాంశము. సంఖ్యలో అతిశయోక్తి గలదు. విముక్తదాసులకు పదవులుకూడ నిత్తురని ఆతడు చేర్చినది సరికాదు. కాని మూలమును పట్టుకొనెను. రెండు శతాబ్దముల పిమ్మట హలికర్ణాసునుండి రోమునకు వచ్చి స్థిరపడిన డయొనీషియసు ఈ మాటనే విస్తరించెను. స్పార్టావారును, ఆథెన్సువారును పౌరత్వమును పిసినిగొట్టువలె దాచుకొని చెడిరనియు, ఓడినవానిని పౌరునిగ చేసికొనుటచేతనే రోము పెరిగెననియు ఆతని వాదము. క్రీ.శ. 48లో గాలు దేశపు ప్రముఖులను సెనేటులోనికి రానిచ్చుటకై క్లాడియసు చక్రవర్తి చేసిన ప్రసంగమునకు టాసిటసు వ్రాసిన పాఠములోను ఈ యుక్తియే గలదు. ఆ ప్రసంగమును చెక్కిన కంచు ఫలకము 1528లో లియాన్సు నగరమున దొరకినది.

రోమకులే వ్రాసినపుడు వివరణము రంగు మాఱుచున్నది. లివీకి పూర్వుల శీలమే సర్వకారణము. సాల్లస్టు కొందఱు మహనీయుల గుణమే రాజ్యమును నిలిపెననియు, కార్తేజి నశించి శత్రుభయము తొలగగానే ధనాశ, పదవీవ్యామోహము ప్రబలెననియు వాపోయెను. ఆతడు ఆఫ్రికాలో అధికారియై యుండి ప్రజలను దోచెనను అభియోగము గలదు గావున ఈ విలాపము కొంచెము వింతగ వినబడును. అంతకంటె ముఖ్యమైన లోపము వేఱు. పతనమును గూర్చి ఏడ్చువాడు, పతనమునకు ముందు సంపాదించినదంతయు ధర్మార్జితమేనని చదువరిచే చెప్పకయే ఒప్పించుచున్నాడు.

ఇచ్చట పొలిబియసు మరల జ్ఞప్తికి వచ్చును. మొదట క్రీ.పూ. 167తో ముగింపదలచిన గ్రంథమును ఆతడు పిమ్మట పొడిగించెను. జయాపజయములనుబట్టి మాత్రమే మంచిచెడ్డలను తీర్మానింపరాదనియు, గెలిచినవారు తమ యధికారమును ఎట్లు వినియోగించిరో, లోబడినవారు దానిని గూర్చి ఏమనుకొనిరో తెలిసిన పిదపనే ఆ పాలనము కోరదగినదా, వీడదగినదా యని నిర్ణయింపవలెననియు మూడవ సంపుటమున కారణము చెప్పెను. ఎట్లు గెలిచిరన్న ప్రశ్నకు దైవమనియో, పురుషకారమనియో ఉత్తరము చెప్పవచ్చును. గెలుపు న్యాయమా యన్న ప్రశ్న ఈ రెంటికిని అందదు. ఈ భేదమును ఆతడు గుర్తించెను.

గుర్తించినవాడు తీర్పు చెప్పెనా? క్రీ.పూ. 146లో కార్తేజి తగులబడుచుండగా సిపియో ప్రక్కనే ఉండి చూచెను. ఆ యేడే తన గ్రీసులోని కొరింథు నగరమును రోమకులు నేలమట్టము చేసిరి. కార్తేజి నాశమును గూర్చి గ్రీకులలో నాలుగు అభిప్రాయములుండెనని వాటిని ఒకదాని వెంట నొకటి పేర్కొనెను; తనదేదో చెప్పలేదు. ఇది నిష్పక్షపాతమని కొందఱందురు. సిపియో యింటి యన్నము తిన్నవాని మౌనమని నాకనిపించును. టాసిటసు నయము: క్రీ.శ. 98 ప్రాంతమున తన మామ బ్రిటనులో సాధించిన విజయములను కీర్తించుచునే, ఓడినవారి నాయకునిచేత రోమకుల పాలనమును ఘోరముగ దూషించు ప్రసంగము చేయించెను. అది టాసిటసు కల్పించిన ప్రసంగమే కావచ్చును. ఐనను ప్రతివాదికి బోనులో చోటు దొరకినది.

పొలిబియసును ఇటలీకి తెచ్చిన యేడే, సిపియోను కన్న తండ్రియగు ఎమిలియసు పౌలసు సెనేటు అనుమతితో ఎపిరసు దేశమున డెబ్బది యూళ్లను దోపిడికి విడిచెను. ఉదయమున వెండి బంగారములను శాంతముగ పోగుచేయించి, నాలుగవ గంటకు సైనికులకు సంజ్ఞ చేసిరని లివీ వ్రాసెను. ఆ యొక్కనాడు దాసులుగ పట్టుబడినవారు లక్షయేబదివేలమంది. ఈ లెక్కను పొలిబియసు వ్రాసియుంచగా స్ట్రాబో తన భూగోళ గ్రంథమున ఎత్తి వ్రాసెను. అకేయ బందీలు వేయిమందిలో నొక చరిత్రకారుడుండెను. ఆ లక్షయేబదివేలమందిలో నొక్కరి పేరును మనకు తెలియదు.