చూచి వచ్చినవారిని ఏమి అడగాలి?

ప్రశ్న వేయడం తేలిక, జవాబు చెప్పడమే కష్టం అని లోకంలో సామాన్యంగా అనుకుంటారు. కొంచెం ఆలోచిస్తే సంగతి తారుమారుగా కనిపిస్తుంది. జవాబు చెప్పేవారికి తమ అనుభవం తోడుంటుంది. ప్రశ్న వేసేవారికి ఆ తోడు లేదు. తనకు తెలియనిదేమిటో ముందు తాను తెలుసుకోవాలి. దానిని ఎదుటివారికి బరువు కాకుండా, చిన్నతనం కాకుండా, రెండు మాటలలో పెట్టాలి. అందుచేత ప్రశ్న అడగడం తెలివికి మాత్రమే కాక నడవడికి కూడా సంబంధించిన విషయమని చెప్పవలసి ఉన్నది.

దీనిని పరిశీలించడానికి ఒక ఉదాహరణ తీసుకుందాము. పదవీ విరమణ చేసిన వ్యోమగామి ఒకరు ఒక సభకు వస్తున్నారనుకోండి. పిల్లలూ, యువకులూ ఆయనతో గంటసేపు మాట్లాడవచ్చును. ఎవరేమి అడగాలో ముందుగా కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితం మీద ఏముండాలి?

పూర్వం కాశీయాత్రో, సమ్మేదశిఖర యాత్రో చేసి వచ్చినవారి అరుగు మీద ఊరంతా చేరేది. రైలు లేని రోజులలో అంత దూరం పోయి ప్రాణాలతో తిరిగి రావడమే గొప్ప. వినేవారిలో చాలమందికి తాము వెళ్ళగలమన్న ఆశ లేదు. కాబట్టి వచ్చిన మనిషి కళ్ళే వారికి కళ్ళు. అంతరిక్షం విషయంలో నేటికీ మన స్థితి అదే. 1961 మొదలు ఇప్పటివరకు భూమిని విడిచి వెళ్ళి వచ్చినవారు కొన్ని వందల మంది మాత్రమే. తక్కిన మానవజాతి అంతా అరుగు మీద కూర్చున్నవారమే.

మన దేశంలో ఈ సందర్భాన వెంటనే స్ఫురించే పేరు రాకేశ్ శర్మగారిది. ఆయన 1949లో పాటియాలాలో పుట్టారు. చదువు మాత్రం హైదరాబాదులో సాగింది. నిజాం కళాశాల విద్యార్థి. వైమానిక దళంలో చేరి 1971 యుద్ధంలో విమానం నడిపారు. 1984 ఏప్రిల్ 3న ఇద్దరు సోవియట్ వ్యోమగాములతో కలిసి సోయుజ్ టీ-11 నౌకలో బయలుదేరి, శల్యూత్-7 కేంద్రంలో ఉండి, ఏప్రిల్ 11న తిరిగి వచ్చారు. తరువాత విమాన పరీక్షకుడుగా చాలాకాలం పనిచేసి, విశ్రాంతి జీవితానికి నీలగిరులలోని కూనూరు చేరారు. ఆయన తరువాత భూకక్ష్యలోకి వెళ్ళిన భారత పౌరుడు శుభాంశు శుక్లాగారు. అది 2025 జూన్‌లో. అనగా మధ్యలో నలభైయొక్క సంవత్సరాలు! దాదాపు అంతకాలమూ పైనుంచి ఎట్లా ఉంటుందని అడగదలచిన భారతీయులకు మనవారిలో ఆయన ఒక్కరే దిక్కు.

మనవాళ్ళు ఆయనను ఏమి అడిగారు? పైన దేవుడు కనిపించాడా అని ఎందరో అడిగేవారని, కనిపించలేదని తాను చెప్పేవాడినని ఆయనే ఒక సందర్భంలో చెప్పారు. ఏండ్లు గడిచిన కొద్దీ కొందరు తల్లులు తమ బిడ్డలకు ఆయనను చూపించి, ఈ మామయ్య చంద్రుడి మీదికి వెళ్ళి వచ్చాడని చెప్పడం కూడా మొదలైనదట. ఆయన వెళ్ళినది భూమి చుట్టూ తిరిగే కేంద్రానికి. చంద్రుడు దానికి ఎన్నో వందల రెట్లు దూరం.

ఈ రెండింటికీ నవ్వుకుని ఊరుకోవచ్చును. కాని రెండవదానిలో ఉన్నది తెలియకపోవడం. ఒక మాటతో సరిదిద్దవచ్చును. మొదటిదానిలో ఉన్నది వేరు. దేవుని సంగతి అడిగినవారిలో చాలమందికి జవాబు ముందే తెలుసు. ఉన్నాడని నమ్మినవారు అవునన్న మాట కోరుతారు. లేడని నమ్మినవారు లేదన్న మాట కోరుతారు. ఇద్దరికీ కావలసినది సాక్షి సంతకం. ఆయన చూచినదానితో వారికి పని లేదు.

ఇటువంటి అడగడం ఎంత దూరం పోగలదో చూడండి. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ 108 నిమిషాల ప్రయాణంలో భూమిని ఒకసారి చుట్టి వచ్చారు. పైన దేవుడు కనిపించలేదని ఆయన అన్నట్లు ప్రపంచమంతా చెప్పుకున్నది. ఆ ప్రయాణంలో భూమితో ఆయన జరిపిన రేడియో సంభాషణలో ఆ మాట లేదు. దేవుడు లేడని చెప్పదలచినవారికి ఒక సాక్షి అవసరమై ఆ మాట ఆయన నోట పెట్టారు. పోయి వచ్చిన మనిషి నిజంగా ఏమి చూచాడో తెలుసుకోవడం కంటె, తమ వాదానికి ఆయనను వాడుకోవడమే వారికి ముఖ్యమైనది. ఎదుటివాని నోట మన మాట పెట్టడం, మన మాట వచ్చేవరకు తిప్పి తిప్పి అడగడం, ఈ రెండూ ఒకే కోవలోనివని గుర్తించాలి. అసత్యదోషం చెప్పినవానికే కాదు, చెప్పించినవానికీ ఉంటుంది.

దేశభక్తి విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. 1984లో ప్రధాని ఇందిరాగాంధీగారు పైనుంచి భారతదేశం ఎట్లా కనిపిస్తున్నదని శర్మగారిని అడిగారు. ఆయన ఇక్బాల్ కవి గీతంలోని తొలిమాటలతో జవాబిచ్చారు. ఆ ప్రశ్న ఆ సమయానికి తగినదే. జవాబూ అంతే చక్కనిది. దేశమంతా పొంగిపోయింది. కాని అదే ప్రశ్న ప్రతి సభలోను మళ్ళీ మళ్ళీ అడిగితే దానికి అర్థమేమిటి? మనకు జవాబు కంఠస్థమే. మన చెవులకు ఇంపైన ధ్వని కోసం ఒక పెద్దమనిషి చేత పాత మాట వల్లె వేయిస్తున్నామన్నమాట. ఎనిమిది రోజుల ప్రయాణం చేసినందుకు ఆయన నలభై ఏండ్లు ఆ ఎనిమిది రోజులలోనే నిలబడి ఉండాలా? అంతకు ముందు ఒక జీవితం ఉన్నది, తరువాత ఒక జీవితం ఉన్నది. మనిషిని ఒక్క సంఘటనకు కుదించి మాట్లాడడం కూడా ఒక రకమైన హింసయే.

అయితే ఏమి అడగాలి? ఇక్కడ మైకేల్ కాలిన్స్ కథ మనకు ఉపకరిస్తుంది. 1969 జూలైలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్‌లు చంద్రుని మీద దిగినప్పుడు, కాలిన్స్ ఒక్కరే పై నౌకలో చంద్రుని చుట్టూ తిరుగుతూ ఉండిపోయారు. ప్రతి చుట్టులోను చంద్రుని వెనుకకు పోయినప్పుడు సుమారు నలభై ఎనిమిది నిమిషాలు భూమితో రేడియో సంబంధం తెగిపోయేది. తిరిగి వచ్చిన తరువాత లోకం ఆయనను ఒంటరితనం గురించే అడిగింది. తనకు కలిగినది ఒంటరితనం కాదని, ఒకవిధమైన సంతోషంతో కూడిన మెలకువ అని ఆయన 1974లో తన గ్రంథంలో రాశారు. ఆయనను లోలోపల పీడించిన భయం వేరు. క్రిందనున్న ఇద్దరి యంత్రం పనిచేయక వారు పైకి రాలేకపోతే? తాను ప్రాణత్యాగం చేసుకోరు. ఒక్కరే ఇంటికి తిరిగి రావాలి. బ్రతికినంతకాలం ఇద్దరిని విడిచి వచ్చినవాడుగా ముద్రపడాలి. ఆరు నెలలుగా ఈ భయాన్ని గుండెలో పెట్టుకుని ఆయన శిక్షణ పొందారు.

మీకు ఎట్లా అనిపించింది అని అడిగితే ఈ సంగతి బయటపడదు. మీరు ఏమి చేయడానికి సిద్ధపడి వెళ్ళారు అని అడిగితే బయటపడుతుంది. మొదటి ప్రశ్న వింత కోసం. రెండవది ధర్మం కోసం. రెండవ ప్రశ్న అడగాలంటే ఆ ప్రయాణంలో ముగ్గురిలో ఒకరు ఎక్కడ ఉండిపోయారో, ఎందుకు ఉండిపోయారో అడిగేవారికి ముందే తెలిసి ఉండాలి. ప్రశ్నలు సిద్ధం చేసుకోవడమంటే మొట్టమొదట ఇది. పుస్తకంలో దొరికేది పుస్తకంలో చదువుకుని రావడం. నౌక వేగమెంత, ఎన్ని చుట్లు తిరిగారు అని అడిగి ఆయన గంటలో పది నిమిషాలు పాడుచేయరాదు. అవి లెక్కలు. ఆయన మాత్రమే చెప్పగలిగినవి వేరే ఉన్నవి.

ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టి పిప్పలాద మహర్షి వద్దకు వెళ్తారు. ఆయన వెంటనే చెప్పడు. ఒక సంవత్సరం తపస్సుతో, శ్రద్ధతో ఉండి, అటుపిమ్మట అడగండి అంటాడు. అంతేకాదు, తమకు తెలిసి ఉంటేనే చెప్తామని కూడా అంటాడు. జైన వాఙ్మయంలో వ్యాఖ్యాప్రజ్ఞప్తి అనే మహాగ్రంథం అధికభాగం గౌతమ గణధరుడు అడగడం, మహావీరస్వామి చెప్పడం అనే రూపంలోనే నడుస్తుంది. అందులో ముప్పై ఆరు వేల ప్రశ్నలని సంప్రదాయం. మన పెద్దలు జవాబుల వలెనే ప్రశ్నలను కూడా భద్రపరచారంటే, అడగడం ఒక సాధన అని వారు ఎంచినందువల్లనే. అడిగేవాడు ఒక సంవత్సరం ఆగగలగాలి. చెప్పేవాడు తెలియదనగలగాలి.

ఇంతచెప్పినందువల్ల చిన్న ప్రశ్నలు పనికిరావని ఎవరూ అనుకోరాదు. అక్కడ ఎట్లా నిద్రపోయారు, ఏమి తిన్నారు, స్నానం ఎట్లా అని పిల్లలు అడుగుతారు. పెద్దలు కొందరు సిగ్గుపడి వారిని ఆపుతారు. ఆపవలసిన పని లేదు. ఆ బిడ్డకు నిజంగా తెలియదు, నిజంగా తెలుసుకోవాలని ఉన్నది. శర్మగారి కోసం మైసూరులోని రక్షణశాఖ ఆహార పరిశోధనశాల వారు రవ్వ హల్వా, శనగల కూర, పలావు కట్టి పంపారు. ఆయన దానిని తోటి సోవియట్ వ్యోమగాములతో పంచుకున్నారు. హల్వా గురించి పిల్ల అడిగిన ప్రశ్నలో నుంచి, భాష వేరైన మనుషులు ఒక ఇరుకు గదిలో ఎట్లా కలిసి బ్రతికారన్న పెద్ద సంగతి రావచ్చును. ప్రశ్న విలువ దాని పరిమాణంలో లేదు. అడిగినవాడు జవాబు కోసం అడిగాడా, తనను పదిమంది చూడడం కోసం అడిగాడా అన్నదే చూడవలసినది. సభలలో కొందరు అయిదు నిమిషాలు తమ పాండిత్యం చెప్పి, చివర దీనిపై మీ అభిప్రాయమేమి అంటారు. వారికంటె ఆ పిల్ల మేలు.

మరికొన్ని ప్రశ్నలు సున్నితమైనవి. ఉదాహరణకు, శర్మగారితోబాటు రవీశ్ మల్హోత్రాగారు కూడా అదే శిక్షణ పొందారు. వెళ్ళవలసినది ఒక్కరే. రెండవవారు సర్వసన్నద్ధులై భూమి మీద నిలిచిపోయారు. సమానంగా శ్రమపడిన ఇద్దరిలో ఒకరికే పీట దక్కినప్పుడు, దక్కినవారి మనస్సులో ఏమి జరుగుతుంది? పరీక్షలలో, ఉద్యోగాలలో ప్రతి యువకుడూ ఎదుర్కొనే విషయమే ఇది. అడగదగిన ప్రశ్నయే. కాని ఎవరిని గురించి అడుగుతున్నామో వారు పక్కన కూర్చుని వింటున్నారనుకుని అడగాలి. వారి ఎదుట అనలేని మాట వారి వెనుక ప్రశ్నగా వేయరాదు. ఈ ఒక్క కొలతతో కాగితం మీది ప్రశ్నలు సగం వాటంతట అవే రాలిపోతవి.

రాలిపోగా మిగిలినవానిలో రెండు మూడు చాలు. పది రాసుకుని, ఎనిమిది కొట్టివేసి, రెంటితో వెళ్ళడం మంచిది. మూడవ ప్రశ్న ఆయన చెప్పిన జవాబులోనుంచి పుట్టాలి. తన కాగితం వంకే చూస్తూ తన వంతు కోసం ఎదురుచూచేవాడు ఏదీ వినడు. ముందుగా సిద్ధపడితే సహజత్వం పోతుందని కొందరంటారు. సిద్ధపడనివానికే నోటికి వచ్చిన పాత ప్రశ్న దొరుకుతుంది. సిద్ధపడినవానికి వినడానికి తీరిక ఉంటుంది. ఆయన ఒక ప్రశ్నకు జవాబు చెప్పక ఊరుకుంటే, ఆ మౌనాన్ని కూడా గౌరవించాలి. చూచి వచ్చినదంతా మనకు అప్పగించవలసిన బాకీ ఆయనకు లేదు.

ఈ నియమాలు వ్యోమగాములకు మాత్రమే కాదు. తెలుగునాడు విడిచి వచ్చి హోసూరులో, బరంపురంలో, షోలాపురంలో, యానాంలో కాపురాలు నిలిపిన వృద్ధులు ఎందరి ఇండ్లలోనో ఉన్నారు. వారు దాటి వచ్చినదీ ఒక దూరమే. చూచినది చూచినట్లు చెప్పగలిగినవారు వారొక్కరే. వారిని మనం అడిగేదల్లా మందు వేసుకున్నారా, భోజనం అయినదా అన్నంతవరకే. లేదా మన వంశం గొప్పదని వారిచేత అనిపించుకోవడం. ఏ బరువు మోస్తూ వచ్చారు, ఎవరిని విడిచి వచ్చారు, ఏది చేయడానికి సిద్ధపడి బయలుదేరారు అని అడిగినవారు అరుదు. వ్యోమగామిని చూడడానికి కాగితం మీద ప్రశ్నలు రాసుకునే పిల్లలు, ఆ అలవాటును ఇంటికి కూడా తీసుకుపోతే ఆ సభ సార్థకమైనట్లే.

చివరగా ఒక మాట. జవాబు వినడంతో ప్రశ్న తీరదు. భయాన్ని ఎట్లా జయించారని అడిగి, ఆయన చెప్పినది విని, చప్పట్లు కొట్టి ఇంటికి పోయి మరచిపోయినవాడు ఒక గంటసేపు వినోదం పొందాడు, అంతే. ఆ చెప్పినది తన బ్రతుకులో పనికివస్తుందా రాదా అని మరునాటినుంచి చూచుకునేవాడే నిజంగా ప్రశ్న అడిగినవాడు. కాబట్టి కాగితం మీద ప్రశ్న రాసేముందు ప్రతివారూ తమను తాము ఒకటి అడిగి చూచుకోవాలి: దీనికి నేను అనుకోని జవాబు వస్తే, దానిని స్వీకరించడానికి నేను సిద్ధంగా ఉన్నానా? ఉన్నాననిపిస్తే ఆ ప్రశ్నను నిర్భయంగా, వినయంగా అడగవచ్చును.