ఆకలి పెట్టించిన వేలిముద్ర

మామిడికాయ ధర దగ్గర నేను బజారు పక్షమే. పూత వచ్చిన నాటి నుంచి తేనెమంచు పురుగుకు మందు కొట్టి, గాలివాన వస్తే నిద్ర మానుకుని, ఏప్రిల్‌లో చిక్కం కట్టిన గడతో కాయ దించినవాడికి ఆ కాయను ఎవరికి, ఎంతకు అమ్మాలో తేల్చుకునే హక్కుండాలి. హైదరాబాద్ మండీలో కొల్లాపూర్ బేనిషాన్‌కు పాట పెరిగితే ఆ పెరిగిన రూపాయలు నావి. బడిలో పాఠాలు చెప్పిన రోజుల్లోనూ, రిటైరై తోట చూసుకుంటున్న ఈ రోజుల్లోనూ నా నమ్మకం ఇదే.

కూలి ధర మాటొచ్చేసరికి నా తోటి రైతులు ఇంకో ధర్మం చెబుతారు. "ఉపాధి పని వచ్చినంక కూలోళ్లు దొరుకుతలేరు సార్. పింఛన్లిచ్చి సోమరులను చేసిండ్రు. ఎవని కష్టం వాడు తినాలె" అంటారు. గుడి అరుగు మీద కూర్చున్నప్పుడు ఒకరిద్దరు ఇంకా ముందుకు పోయి, పేదరికం పూర్వజన్మ ఫలమనీ, అనుభవించక తప్పదనీ వాదిస్తారు. కర్మ సిద్ధాంతం మనిషి తన నడవడిని తాను దిద్దుకోవడానికి పుట్టింది. పక్కింటివాడి ఆకలికి కారణం చెప్పి చేతులు కడుక్కోవడానికి దాన్ని వాడుకోవడం పాపమని నా గట్టి నమ్మకం.

ఎవరి కష్టం వారిదన్న మొదటి మాటను మాత్రం అంత తేలిగ్గా తోసేయలేను. అందులో ఆత్మగౌరవం ఉంది. బజారు నడిచేది ఒప్పందం మీద. ఒప్పందం నిలిచేది ఇష్టం మీద. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ "సరే" అన్నప్పుడే అది న్యాయం. మరి ఆకలి మీద అన్న "సరే" ఇష్టమేనా? ఈ ప్రశ్న మా పాలమూరు (మహబూబ్‌నగర్) మట్టిలోంచి పుట్టింది.

పాలమూరు లేబర్ అంటే ఒకప్పుడు దేశమంతా తెలుసు. డ్యాములు, కాలువలు, రోడ్లు ఎక్కడ కడుతున్నా మనవాళ్లు ఉండేవారు. వానలు మొహం చాటేసిన ఏడు, ఇంట్లో పెండ్లో జబ్బో వచ్చిన ఏడు మేస్త్రి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. కాగితం మీద వేలిముద్ర పడేది. చేయి పట్టుకుని ఎవరూ వేయించలేదు. మొగుడూ పెండ్లాలు కలిసి పోతే ముసలివాళ్లు, పిల్లలు ఊళ్లో మిగిలేవారు. మా తోటలో కాయ ఏరే ఒక అవ్వ అట్లా పోయి వచ్చిన మనిషే. అప్పుడు వద్దని ఉండాల్సింది కదా అవ్వా అన్నాను ఓసారి. "వద్దనేదానికి ఇంట్ల గింజలుండాలె గద సారూ" అంది.

అవ్వ అన్న మాటనే సుప్రీంకోర్టు 1982లో తీర్పుగా రాసింది. ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం స్టేడియాలు కడుతున్న కూలీల కేసు అది. కూలీలను తెచ్చిన జమాదార్లు కమీషన్ పేరిట రోజు కూలిలోంచి రూపాయి కోసుకునేవారు. కనీస కూలికి తక్కువ ఇచ్చి చేయించుకునే పని వెట్టిచాకిరీ కిందికే వస్తుందనీ, రాజ్యాంగం 23వ అధికరణ దాన్ని నిషేధించిందనీ జస్టిస్ భగవతి ధర్మాసనం చెప్పింది. బలవంతం చేసేది కర్రే కానక్కర్లేదు, ఆకలి కూడా బలవంతమేనని ఆ తీర్పు సారం. ఊళ్లో ఏ పంచాయితీలో వాదన పెరిగినా నేను దీన్నే గుర్తు చేస్తుంటాను.

అందుకే 2006లో ఉపాధి హామీ పథకం మొదటి విడతలోనే మహబూబ్‌నగర్ జిల్లాకు వచ్చినప్పుడు నేను దాన్ని భిక్షగా చూడలేదు. ఏడాదికి వంద రోజుల పని వలసను ఆపలేదు. హైదరాబాద్ బస్సులు ఇంకా నిండే పోతున్నాయి. అయినా మేస్త్రి ఎదుట నిలబడి "ఇంత ఇస్తేనే వస్త" అనగలిగే బలం కొందరికైనా వచ్చింది. ఆసరా పింఛను 2019లో రెండు వేల పదహారు రూపాయలయ్యాక మా అవ్వ డబ్బాలు మోయనంది, నీడన కూర్చుని కాయ ఏరుతానంది. డెబ్బై దాటిన నడుము అది. ఆమె ఎంచుకుంది. బజారు కోరుకునేది ఈ ఎంపికనే కదా! స్వేచ్ఛా విపణిని ఎవరికన్నా గట్టిగా సమర్థించిన హయెక్ కూడా 1944లో రాసిన పుస్తకంలో తిండి, గుడ్డ, నీడ కనీస మేరకు అందరికీ భరోసా ఇవ్వవచ్చని ఒప్పుకున్నాడు.

మన పొలాలకు ఈ నీతి కొత్త కాదు. పల్లికాయ పీకినంక చేనులో మిగిలిన కాయ పరిగె ఏరుకునేవాళ్లది. పంట రైతుదే, ధర రైతుదే. పరిగెకు వచ్చిన ఆడమనిషి మాత్రం ఎవరికీ దండం పెట్టదు, వంగి మట్టి తవ్వి తన కష్టంతోనే ఒడి నింపుకుంటుంది. బైబిల్ లేవీయకాండం కూడా చేను అంచుల దాకా కోయవద్దని, పరిగె పేదలకు వదలమని ఆజ్ఞాపిస్తుంది. పన్నెండో శతాబ్దంలో బసవన్న కాయకమూ దాసోహమూ రెండూ కలిపే చెప్పాడు: ప్రతి ఒక్కరూ పని చేయాలి, సంపాదన పదిమందికీ అందాలి. ఒకటి వదిలి ఒకటి పట్టుకుంటే బసవన్న దారి కాదు.

ఇక నా సంపాదనంతా నా చెమటేనా? ఎల్లూరు దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు చెరువుల్లోకి చేరితేనే నా బోరు ఊరుతుంది. ఆ నీళ్లు నిలిచింది శ్రీశైలం ప్రాజెక్టు ముంపు ఊళ్ల మీద. 1981లో ఆ ఊళ్లలో ఇండ్లు కూల్చి మనుషులను వెళ్లగొట్టారు. ముంపులో పడిన జటప్రోలు గుళ్లను మాత్రం రాయి రాయి విప్పి మెరకన తిరిగి కట్టారు. దేవుడి మీద ఆ శ్రద్ధ నాకు సంతోషమే, మనుషుల మీద అందులో సగమైనా లేకపోవడమే బాధ. ముంపు కుటుంబానికో ఉద్యోగమన్న 98వ జీవో 1986లో వచ్చింది, దాని అమలు కోసం కొల్లాపూర్‌లో ఏండ్లకేండ్లు కొట్లాడారు. నా తోటకు నీళ్లిచ్చినవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

తోటి రైతులకు నాదొక్కటే మనవి. కాయకు గిరాకీ ఉన్నప్పుడు ధర పెరగడం న్యాయమైతే, కోతల నెలలో కూలి పెరగడమూ న్యాయమే. సీజనులో ఉపాధి పని ఆపించమని అర్జీ పెట్టే ముందు, ఈ ఏడు కూలి పెంచి చూడండి.