పాడిన మాట ఎవరిది?

మంచి గొంతున్న ఆడపిల్లను కోకిల అనడం మనకు అలవాటు. కవిత్వం రాసిన సరోజినీ నాయుడుకు కూడా ఆ బిరుదే ఇచ్చాం. వసంతంలో గొంతెత్తి కూసేది మగపక్షి అన్న సంగతి అలా ఉంచినా, కోకిలకు మాటలుండవు. గొంతు ఆమెది, మాట ఇంకెవరిదో అన్న ఏర్పాటు ఆ పోలికలోనే ఉంది. మన సినిమా పాట చరిత్ర చాలావరకు ఈ ఏర్పాటు మీదే నడిచింది. స్త్రీ మనసు ఎలా ఉండాలో పురుషుడు రాస్తాడు, స్త్రీ దాన్ని నమ్మేలా పాడుతుంది. ఇక్కడే నన్ను చాలాకాలంగా వదలని ప్రశ్న ఒకటుంది. ఒక స్త్రీ తనను కించపరిచే మాటను ప్రాణం పెట్టి పాడితే, ఆ మాటకు ఆమె బాధ్యత ఎంత? పాడటం వరకే నా పని అని తప్పుకోవచ్చా?

ఈ ప్రశ్నను మాటల్లో చర్చించడమే కాక, తన వృత్తిలో ఎదుర్కొని మూల్యం చెల్లించిన గాయని ఆబీ లింకన్. అమెరికా నల్లజాతి ప్రజల శ్రమలోంచి, చర్చి ప్రార్థనల్లోంచి, దుఃఖంలోంచి పుట్టిన జాజ్ సంగీతంలో ఆమె గాయని, గీత రచయిత్రి. 1930లో షికాగోలో పుట్టింది. పన్నెండు మంది పిల్లల్లో పదోది. తల్లిదండ్రులు పెట్టిన పేరు అన్నా మేరీ వూల్‌రిజ్. ఆబీ లింకన్ అన్న పేరు ఆమె మేనేజరు పెట్టింది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలోంచి సగం, అబ్రహాం లింకన్‌లోంచి సగం తీసి అతికించాడు. పాటల కంటే ముందు పేరే ఇంకొకరి రచన అయింది.

మొదట్లో ఆమెను అందగత్తెగానే అమ్మారు. 1956లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో, అంతకు మూడేళ్ల ముందు మార్లిన్ మన్రో తొడిగిన ఎర్ర గౌనునే ఆమెకు తొడిగి పాడించారు. తెల్లజాతి అందానికి కుట్టిన బట్టలో నల్లజాతి దేహం. ఆ గౌనును తర్వాత ఆమె మంటల్లో పడేసింది. గౌను కాల్చడం తేలికే. పాటలో ఉన్న గౌనును వదిలించుకోవడమే కష్టం. 1957 నాటి ఆల్బమ్‌లో ఆమె కూడా, కొట్టినా మోసం చేసినా వాడే నావాడు అని చెప్పుకునే స్త్రీ పాట పాడింది. ఆనాటి క్లబ్బుల్లో అలాంటి పాటలకు గిరాకీ ఎక్కువ. అలాంటివి ఇక పాడకూడదని ఆమె తీసుకున్న నిర్ణయాన్ని అభిరుచికి సంబంధించిన విషయంగా చూడలేం. ఆ నిర్ణయం వెనక ఒక నైతిక అవగాహన ఉంది. కాగితం మీద మాట ఒట్టి మాటే. గొంతు దానికి సాక్ష్యం పలుకుతుంది. సాక్షికి బాధ్యత ఉంటుంది.

1960లో డ్రమ్మర్ మాక్స్ రోచ్ రూపొందించిన 'వి ఇన్సిస్ట్' ఆల్బమ్‌లో బానిసత్వం నుంచి పౌరహక్కుల పోరాటం దాకా ఆమె గొంతు నడిచింది. అందులో మాటలు ఆస్కార్ బ్రౌన్ జూనియర్‌వి. ఒక భాగంలో మాత్రం అసలు మాటలే లేవు. ప్రార్థన, నిరసన, శాంతి అన్న మూడు దశల్లో ఆమె కూనిరాగం తీస్తుంది, అరుస్తుంది, నిట్టూరుస్తుంది. ఆ అరుపు విన్నప్పుడల్లా, పాడటానికి తగిన మాట ఇంకా దొరకని మనిషి ఇలాగే అరుస్తుంది కదా అనిపిస్తుంది. మరుసటి ఏడాది 'స్ట్రెయిట్ అహెడ్'లో ఆమె స్వయంగా మాటలు రాసింది. తెలోనియస్ మాంక్ కట్టిన 'బ్లూ మాంక్' బాణీకి తన సాహిత్యం పెట్టింది. బాణీ పురుషుడిదే, కానీ అందులో నివాసం ఆమెది. అయితే ఒక ప్రముఖ విమర్శకుడు ఆమె నల్లజాతితనాన్ని వృత్తిగా చేసుకుందని వెక్కిరించాడు. ఆ తర్వాత దాదాపు పన్నెండేళ్ల పాటు తన పేరు మీద ఆమె ఆల్బమ్ తేలేదు. 1973లో వచ్చినది కూడా టోక్యోలో రికార్డయింది. గొంతును మెచ్చుకున్న ప్రపంచానికి ఆ గొంతులోని అభిప్రాయం మాత్రం గిట్టలేదు.

ఈ నిశ్శబ్దకాలంలోనే, 1966లో, నల్లజాతి స్త్రీని గౌరవించేదెవరు అని ప్రశ్నిస్తూ ఆమె వ్యాసం రాసింది. అది తెల్లవాళ్లనే కాక సొంత జాతి పురుషులను కూడా నిలదీసింది. 1970లో టోనీ కేడ్ బంబారా తెచ్చిన 'ది బ్లాక్ వుమన్' సంకలనంలో చోటు చేసుకుంది. రోచ్‌తో ఆమె వివాహం ముగిసింది కూడా ఆ ఏడాదే.

ఇక్కడిదాకా కథ సూటిగానే ఉంది. పరాయి మాట బంధనం, సొంత మాట విముక్తి అని తేల్చేయవచ్చు. కానీ ఆబీ ఆరాధించిన బిల్లీ హాలిడే ఈ సూత్రాన్ని నిలవనివ్వదు. 'డోంట్ ఎక్స్‌ప్లెయిన్' పాట రచనలో బిల్లీకి భాగముంది. వంచించి ఇంటికొచ్చిన మగవాడిని, సంజాయిషీ కూడా అడగకుండా క్షమించే పాట అది. మాట ఆమెదే, లొంగుబాటు కూడా ఆమెదే. పితృస్వామ్యం మన చేతిలోని కలాన్ని కూడా తనే కదిలించగలదు. పెద్ద వయసులో, 1987లో, ఆబీ బిల్లీ పాటలతోనే కచేరీ చేసింది. తిరస్కరించడం తెలిసిన మనిషి పాడినప్పుడు ఆ పాటలు మరోలా వినిపిస్తాయి. వినేవాళ్లకు అందులో ఆదర్శం కనిపించదు, ఒక స్త్రీ బతుకు వాంగ్మూలం వినిపిస్తుంది. కాబట్టి మాట ఎవరిదన్న ప్రశ్న వెనకే మరో ప్రశ్న కూడా ఉంది. కాదనే అవకాశం ఉండి పాడుతోందా, లేక పాడుతోందా?

నేనుండే కోటగిరిలో ఈ పేర్లు ఎవరికీ అక్కర్లేదు. ప్రశ్న మాత్రం ఇక్కడ బాగానే తెలుసు. నిజామాబాద్ జిల్లాలో చాలా ఊళ్లలో లాగే ఇక్కడా అరుగుల మీద, చాట ముందు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య పాట ఉంటుంది. పెళ్లిళ్లలో అప్పగింతల పాటలుంటాయి. అత్త తిట్టినా మామ కసిరినా ఓర్చుకోమని, పుట్టింటికి చెడ్డపేరు తేవద్దని బిడ్డకు చెప్పే పాటలు. వాటిని మగవాళ్లు పాడరు. తల్లులు, మేనత్తలు ఏడుస్తూ పాడతారు. ఆ కన్నీళ్లు అబద్ధం కావు. అందుకే ఆ ఉపదేశం అంత బలంగా పనిచేస్తుంది.

ఈ పాటల గురించి అడిగినప్పుడు ఒక పెద్దమ్మ అన్నది: "ఎవలు రాసిండ్రో ఎవలకెరుక? మా అమ్మ పాడేది, నేను పాడిన. గని చిన్నబిడ్డ పెండ్లిల ఆ ఓర్చుకొమ్మనే మాట ఇడిసిపెట్టిన." పెద్దబిడ్డ ఓర్చుకుని ఓర్చుకుని చివరికి ఇంటికి వచ్చేసిందని తర్వాత తెలిసింది. ఆ తల్లి పాటను మానలేదు, బాణీ మార్చలేదు, ఒక్క మాటకు సాక్ష్యం చెప్పడం మానింది. అది పక్కనున్న ఎంతమంది గమనించారో తెలియదు. కానీ ఆబీ లింకన్ చేసిన పనికీ దీనికీ నైతికంగా తేడా ఉందని నేననుకోను.

బతుకమ్మ దగ్గర ఈ స్వేచ్ఛ ఇంకా బాహాటంగా ఉంటుంది. ఒకామె మొదలుపెడుతుంది, మిగతావాళ్లు చప్పట్లతో అందుకుంటారు. ముందు పాడే ఆమె ఊరి సంగతులను, కరువును, ఇంటి ముచ్చటను అప్పటికప్పుడు అందులో ఇముడుస్తుంది. జాజ్ గాయని కూడా తెలిసిన బాణీలో ఆ రాత్రి సంగతి పలికిస్తుంది. ఒక తేడా ఉంది. అక్కడ ఎంత ఆలస్యమైనా రచయిత్రి పేరు నమోదైంది. ఇక్కడ దాన్ని జానపదం అన్నాం, సామూహిక సృష్టి అని గౌరవించాం. ఆ గౌరవంలో నిజం ఉంది, సౌకర్యం కూడా ఉంది. అదే బాణీలో ఒక పురుషుడు సినిమాకు రాస్తే అతని పేరు తెరమీద పడుతుంది. కట్టినవాళ్లకు పేరూ ఉండదు, పైసా ఉండదు.

అలాగని పాడేవాళ్లను రాసేవాళ్ల కంటే తక్కువ చేయలేం. స్పిన్నింగ్ మిల్లులో కూలిపని చేసి, తెలంగాణ పాటను ఊరూరా వినిపించిన బెల్లి లలితను 1999 మేలో ముక్కలుగా నరికి చంపారు. ఆమె పాడినవాటిలో ఏది ఎవరు రాశారన్న లెక్క జనానికి అవసరం కాలేదు. అవి లలిత పాటలు, అంతే. ఒళ్లు పణంగా పెట్టి పాడిన మాట పాడినదాని సొంతమవుతుంది.

ఆబీకి అరవై ఏళ్ల వయసులో, 1990లో వచ్చిన 'ది వరల్డ్ ఈజ్ ఫాలింగ్ డౌన్'తో రెండో జీవితం మొదలైంది. అక్కడినుంచి ఆమె ఎక్కువగా తన పాటలే పాడింది. 2007లో వచ్చిన ఆల్బమ్ పేరు 'ఆబీ సింగ్స్ ఆబీ'. మూడేళ్లకు, 2010లో, ఎనభైయవ ఏట కన్నుమూసింది. తన మాటను తనే పాడుతున్నానని అట్ట మీద చెప్పుకోవడానికి యాభై ఏళ్లు పట్టింది.

అందరికీ ఆ యాభై ఏళ్లు దొరకవు, అందరూ రాయనూ అక్కర్లేదు. కానీ పాడటం వరకే నా పని అన్న మాట ఇక చెల్లదనుకుంటాను. గొంతు ఇచ్చేముందు మాటను ఒకసారి చూసుకోవాలి. ఇష్టమైతే పాడాలి, లేకపోతే మార్చాలి, మార్చలేకపోతే ఆ చరణం దగ్గర ఊరుకోవాలి. రేపు మన ఇంట్లో పిల్లను అప్పగించేటప్పుడు ఓర్పు చరణం వస్తుంది. అప్పుడు ఏ గొంతులు ఆగుతాయో, ఏవి కొత్తమాట అందుకుంటాయో ఆ పిల్ల వింటూనే ఉంటుంది.