కట్టయు, తూమును

కంభము చెఱువుకట్టను చూచినవారు దానిని గోడ యనరు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మ నాపిన యా కట్టను విజయనగరపు రాజుల కాలమున వరదరాజమ్మ కట్టించినదని ప్రతీతి. తూము లేని కట్ట పైరునకు గాదు, తెగుటకే పనికివచ్చును.

భూమికిని ఇట్టి కట్ట యొకటి కలదు. సూర్యునినుండి సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగమున విద్యుత్కణముల గాలి యెడతెగక వీచుచుండును. భూమి యయస్కాంతశక్తి దానిని పగటివైపున దాదాపు 65,000 కిలోమీటర్ల దూరముననే నిలుపుచున్నది. ఇది దైవము మనకు తొడిగిన కవచమని కొందఱు భక్తితో చెప్పుదురు. కాని యా కవచము తెఱచుకొనును. 1961లో డంజీ యను ఆంగ్లశాస్త్రజ్ఞుడు చెప్పినది ఇదియే. ఆ సరిహద్దుకడ భూమి బలరేఖలు ఉత్తరమునకు చూచును. గాలితో వచ్చిన రేఖలును ఉత్తరమునకే చూచినచో కట్ట చాలవఱకు మూసియే యుండును. అవి దక్షిణమునకు చూచినచో, ఎదురెదురు రేఖలు తెగి, ఒకదాని కొన మఱొకదానితో నతుకుకొని, సూర్యుని శక్తికి లోనికి దారి యేర్పడును. 2015లో అమెరికావారు పంపిన నాలుగు ఉపగ్రహములు ఆ తెగి యతుకుకొను చోటుననే సాగి దానిని కొలిచినవి.

దీనినుండి నీతి పిండువారు రెండు తెగలు. విరుద్ధులు తాకినచో రక్షణ చెడును గావున ఎవరి నెక్కడ నుంచవలెనో అక్కడనే యుంచుడని యొకడు. విరుద్ధులే కలియుదురు గావున మనమును కలియుదమని మఱొకడు. రెండవవాని కోరిక నాకు ప్రియమే; అతని తర్కము మాత్రము మొదటివానిదే. అయస్కాంతరేఖ అంటరానితనమును సమర్థింపదు, ఖండింపదు. అచట తెఱచువాడు లేడు. చెఱువు తూమునకో, నీరుగంటి యుండును. ఎవరి మడికి ముందు, ఎవరికి వెనుక యని అతని నడుగవచ్చును. అడుగుటకు మనిషి యున్నచోటనే ధర్మవిచారము మొదలగును.

ఇప్పుడు ఆకాశపు కట్టకును అట్టి మనిషి యేర్పడుచున్నాడు. 1989 మార్చి 13న సౌరపు తుపానుచే కెనడాలోని క్యూబెక్కున 60 లక్షల జనము తొమ్మిది గంటలు విద్యుత్తు లేక యుండిరి. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోటనుండి వెడలిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల యెడ నిలిచి, వచ్చుచున్న గాలిలోని రేఖల దిక్కును కొలుచుచున్నది. అచటినుండి గాలి భూమిని చేరుటకు మామూలుగా ఒక గంట. పెనుతుపానైనచో అఱగంట చాలును. రేఖలు ఏ ముఖమున నున్నవో అంతకుముందు గట్టిగా చెప్పజాలరు.

ధ్రువములకు దూరముననున్న మనకు ఇట్టి యపాయము తక్కువే. ఎక్కడి విద్యుత్కేంద్రమునందైనను, ఆ గంటసేపు అచ్చటి యుద్యోగి నీరుగంటి యగును. తనకేమియు తెలియదని అతడనుటకు వీలులేదు. భారము తగ్గింపవలసివచ్చినచో ఎవరి దీపము ముందార్పును? నీరు తక్కువైన యేట తడి యందనిది కొనమళ్లకే. తీగ చివరనున్న పల్లె గతియు నంతేనా? తుపానుకే కాదు, ఎండకాలపు కొఱతకును ఆ వరుసపట్టిక యొకటి యుండును. దానిని ఆ పల్లెవారి నడిగి వ్రాసిరో, అడుగకయే వ్రాసిరో కనుగొనుటకు తుపాను రానక్కఱలేదు.